‘మా ఇల్లు’ (టీకా తాత్పర్య సహితం)

మూలం. పద్దు పుస్తకంలోంచి చింపి అడ్డంగా తిప్పిన ఒక కాగితం. పైఅంచున నీలం పట్టీ, కింది అంచున ఆకుపచ్చ గీత. నడుమ పెంకుటిల్లు, దానికి అటొక కొబ్బరిచెట్టు, ఇటొక కొబ్బరిచెట్టు. వెనక రెండు కొండలు, వాటి సందున సగం సూర్యుడు, ఆపైన నాలుగు పిట్టలు. ఇంటి ముందు కాలవ. కప్పు మీద ఇల్లంత యాంటెన్నా. గుమ్మం ముందు అయిదుగురు మనుషులు, గోడలోంచి కనబడుతూ ఆరో మనిషి. కుడి మూల స్కూటరు. అన్నిటికీ కింద ‘మా ఇలు’ అని పేరు. రంగులు మైనపు క్రేయాన్లవి, గీతలు పెన్సిలువి, ఒక్క మీసం మాత్రం బాల్‌పెన్నుది.

అవతారిక. వెల్ల వేయించడానికో, సంక్రాంతికి అటక దులపడానికో ట్రంకుపెట్టె కిందికి దింపితే చాలా ఇళ్ళలో ఇలాంటి మూలం ఒకటి బయటపడుతుంది. ప్రస్తుత ప్రతి కోనసీమది. అంబాజీపేటకు దగ్గరి ఊళ్ళో దొరికింది. కర్త ఆ ఇంటి చిన్నకూతురు. అప్పటికి ఆరేళ్ళది, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగస్తురాలు. వ్యాఖ్యాతలు ముగ్గురు: తల్లి, తండ్రి, అన్న. కర్త కూడా ఒక వ్యాఖ్య చెబుతోంది గాని, దానికి మిగతా మూడింటికన్నా ఎక్కువ ప్రామాణ్యం లేదు. కవిహృదయాన్ని కవినే అడిగి తెలుసుకోవడం వ్యాఖ్యాతలకు మర్యాద కాదు. మెదక్ సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. నలుగురూ చుట్టూ కూర్చుని చేసే ఇంటి వ్యాఖ్యలో ఆ ప్రతిజ్ఞ మొదటి సగం నిలవడం కష్టం. రెండో సగం నిలిస్తే ఇక మాట్లాడుకోవడానికేమీ మిగలదు.

ప్రతిపదార్థం. మా = ఉమ్మడి; ఇలు = ఇల్లు (లావత్తు లేకపోవడం ఆర్షప్రయోగం కనక దోషం కాదు); నీలం పట్టీ = ఆకాశం; ఆ పట్టీకీ ఇంటి కప్పుకూ నడుమ తెల్లగా వదిలినది = గాలి; ఆకుపచ్చ గీత = నేల; గళ్ళ బల్ల = నవారు మంచం; దాని మీది గుండ్రం = మామ్మ; పెద్ద గుండ్రం పక్కన చిన్న గుండ్రం = విసనకర్ర అని తల్లి, అప్పడం అని అన్న; తిరగేసిన చీపురు = యాంటెన్నా; రెండు సున్నాల మీది ఏనుగు = స్కూటరు. పిట్టలు తిరగేసిన గురువు గుర్తుల్లా ఉన్నాయి. నాలుగూ కలిపితే రెండు గగాలు. యతి ఎక్కడా పాటించలేదు.

కొండల విషయంలో మూలానికి ప్రత్యక్షంతో విరోధం ఉంది. గౌతమి, వసిష్ఠ పాయలకూ సముద్రానికీ నడుమ ఒండ్రు మట్టితో ఏర్పడిన చదును నేల కోనసీమ. ఏ అరుగు మీద నిలబడి చూసినా కొండ కనబడదు. ఆ పిల్ల అప్పటికి కొండంటూ చూసి ఉంటే అన్నవరం మెట్లెక్కేటప్పుడు చూసి ఉండాలి; ఎక్కుతున్న కొండ ఎవరికీ త్రికోణంలా ఉండదు. ఈ ఆక్షేపానికి సమాధానం కవిసమయం. చకోరాలు వెన్నెల తాగుతుంటే చూసిన కవి లేడు, అయినా ప్రబంధాల్లో అవి తాగుతూనే ఉన్నాయి. రెండు కొండల సందు సూర్యుడూ అంతే. బడి పిల్లల నోటుపుస్తకాల్లో ఒకరి నుంచి ఇంకొకరికి దిగివచ్చిన ఉమ్మడి ఆస్తి. పిల్లలు లోకాన్ని చూసి వేసేదానికన్నా ఇతరుల బొమ్మలు చూసి వేసేదే ఎక్కువని అమెరికాలో బ్రెంట్ విల్సన్, మార్జొరీ విల్సన్ 1977లో వాదించారు. ఈ కొండలు పక్కబెంచీ నుంచి వచ్చినవే. ప్రబంధానికి చెప్పిన అష్టాదశ వర్ణనల్లో పర్వతం, సూర్యోదయం, ఉద్యానం ఇలా ఒక్క కాగితం మీదే తేలిపోయాయి. అయితే అది ఉదయమా, అస్తమయమా అన్నది తేలలేదు. ఉదయమేనని కర్త. బొమ్మలు వేసేది బడి వదిలాక కదా, సాయంత్రమేనని తండ్రి.

కాలవ నీలంగా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచీ ఆ కాలవల్లో నీలం నీళ్ళు పారిన దాఖలా లేదు. వరద రోజుల్లో ఎర్రనీరు, మిగతా రోజుల్లో ఆకుపచ్చో బూడిదో, వేసవిలో కాలవలు కట్టేశాక బురద. క్రేయాన్ల పెట్టెలో నీళ్ళకని ఒకటే రంగు ఉంది, అదే వేసింది.

యాంటెన్నా ఇల్లంత ఉండటం అతిశయోక్తి అలంకారం అనుకునే ప్రమాదం ఉంది. అది స్వభావోక్తి. పసివాళ్ళ బొమ్మల్లో వస్తువు కొలత చాలాసార్లు ఇంట్లో దానికున్న పలుకుబడిని బట్టి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి వేళకు తండ్రి పెరట్లో నిలబడి గొట్టం తిప్పేవాడు. అన్న కిటికీ దగ్గర నిలబడి లోపలి సంగతి బయటికి చేరవేసేవాడు. ‘వచ్చిందా?’ ‘గీతలొస్తున్నాయి.’ ‘ఇప్పుడో?’ ‘బొమ్మొచ్చింది, మాట పోయింది.’ ‘ఇప్పుడు?’ ‘ఆఁ, ఆఁ, అంతే ఉంచండి నాన్నగారూ, వదలకండి!’ వదిలితే పోయేది. ఒకసారి పాటంతా అయ్యేదాకా ఆయన గొట్టం పట్టుకునే నిలబడ్డాడని తల్లి వ్యాఖ్య. ఆ పాట ఏదో ఎవరికీ గుర్తు లేదు. తండ్రి దాన్ని చూడనే లేదు కనక ఆయన సాక్ష్యం చెల్లదు.

గోడలోంచి మామ్మ కనబడటం వెనక పెద్ద శాస్త్రమే ఉంది. ఫ్రాన్సులో జార్జ్ ఆన్రీ లూకే తన కూతురు సిమోన్ వేసిన బొమ్మల మీద 1913లో ఒక గ్రంథం రాశాడు, 1927లో పిల్లల బొమ్మలన్నిటినీ కలుపుకొని ఇంకొకటి. పసివాళ్ళు కంటికి కనబడేదాన్ని కాక, తమకు తెలిసినదాన్ని గీస్తారని ఆయన సిద్ధాంతం. గోడ అడ్డం వచ్చినంత మాత్రాన లోపలి మనిషి లేకుండా పోదు కదా. 1972లో ఫ్రీమన్, జానికూన్ ఇదే సంగతిని ఒక కప్పుతో పరీక్షించారు. పిడి వెనక్కి తిప్పి కనబడకుండా పెట్టి, చూసింది చూసినట్టు గీయమన్నారు. చిన్నపిల్లలు కనబడని పిడి కూడా గీశారు. ఎనిమిదేళ్ళు వచ్చినవాళ్ళు వదిలేశారు. కప్పుకు పిడి ఉంటుందని ఆ పిల్లలకు తెలిసినట్టే, నడిమింట్లో మామ్మ ఉంటుందని ఈ పిల్లకు తెలుసు. ఇక్కడ తండ్రిది ఒక ఆక్షేపం: ‘మా అమ్మ పొద్దస్తమానం అరుగు మీదే కదా కూర్చునేది, లోపలెందుకు వేసింది?’ దానికి తల్లి: ‘ఆ ఏడు నూతి దగ్గర జారిపడ్డాక లోపలే కదండీ ఉన్నారు.’ తండ్రి లెక్కలో ఆవిడ జారిపడింది మరుసటేడు. బొమ్మ ఎవరి పక్షమూ వహించదు. అరుగు మీద కూర్చున్న మనిషిని గీయాలంటే అరుగు గీయడం రావాలి, అది ఆరేళ్ళ చేతికి కుదిరే పని కాదు. మంచమైతే నాలుగు గీతలు.

అయిదుగురూ ఆజానుబాహువులు. మోకాళ్ళ దాకా చేతులుండటం మహాపురుష లక్షణమని సాముద్రికం చెబుతుంది. కాకపోతే ఆ చేతులు భుజాల నుంచి కాక చెవుల కింద నుంచి బయల్దేరాయి. 1926లో అమెరికాలో ఫ్లోరెన్స్ గుడెనఫ్ అనే ఆవిడ పిల్లలు గీసిన మనిషి బొమ్మకు 51 అంశాల మీద మార్కులు వేసే పద్ధతి ఒకటి తయారుచేసింది. చేతులు సరైన చోటి నుంచి రావాలి, వేళ్ళు లెక్కకు సరిపోవాలి. తల్లి బొమ్మకు ఒక చేతికి ఏడు వేళ్ళున్నాయి కనక అక్కడ మార్కు పోతుంది. ఆ ఇంట్లో ఆవిడ చేసిన చాకిరీ చూసినవాళ్ళెవరూ ఆ మార్కు కొట్టేయరు.

ఇక వివాదస్థలం. ఎడమ నుంచి రెండో మనిషి తండ్రి. స్కూటరు తాళాలు చేతిలో ఉన్నాయి. మూడో మనిషికి మీసం. ఇద్దరూ చేతులు పట్టుకుని ఉన్నారు. ఆ మీసాన్ని బట్టి మూడో మనిషి బాబాయి అని తల్లి మొదటి చూపులోనే అర్థం చెప్పింది. అన్నదమ్ములిద్దరికీ పంపకాల దగ్గర మాట తేడా వచ్చి, పెరట్లో అడ్డుగోడ లేచి, ఒకే నూతిలో రెండు వైపుల నుంచీ చేద వేసుకుంటూ పలకరింపు లేకుండా గడిపిన ఏడు అది. ఇంట్లో ఎవరూ అనలేని మాటను చంటిది బొమ్మలో చెప్పిందని ఆవిడ తాత్పర్యం. ఇది విన్నాక తండ్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంత అందమైన తాత్పర్యం మీద మరింత అనుమానంగా ఉండటం వ్యాఖ్యాత ధర్మం.

మీసం ప్రక్షిప్తం. సిరా వేరు, చెయ్యి వేరు. పెన్సిలు గీతలు మెత్తగా వంగితే, ఇది కాగితం చిరిగేలా నొక్కి గీసింది. అది తీసేసి చూస్తే మూడో మనిషి తండ్రికన్నా పొట్టి. పైగా నిక్కరు తొడుక్కున్నాడు. కనక అతడు అన్న. చెల్లెలు గీసిన తన బొమ్మకు తానే మీసం పెట్టుకున్నాడు. పదేళ్ళ వయసులో ఆ మాత్రం కోరిక అసహజం కాదు. లెక్క కూడా కుదురుతుంది: తాతయ్య, తండ్రి, అన్న, తల్లి, కర్త, వెరసి అయిదుగురు. బాబాయి అనుకుంటే అన్నకు చోటుండదు. దీనికి తల్లి జవాబులు రెండు. ఒకటి, కొబ్బరితోటలో దింపు తీయించేటప్పుడు బాబాయి కూడా నిక్కరే వేసేవాడు. రెండు, ఆ రోజు పచ్చరంగు కోసం అన్నాచెల్లెళ్ళు కొట్టుకున్నారు. కోపంతో అన్నను వేయలేదు. రెండో జవాబుకు మూలంలో బలముంది. ఎడమ కొబ్బరిచెట్టు మట్టలన్నీ ఆకుపచ్చ. కుడి చెట్టువి సగం ఆకుపచ్చ, సగం నీలం. అన్న బడిలో అప్పగించిన అడవుల పటానికి పచ్చ క్రేయాను అరగదీసి, గోరంత ముక్క మిగిల్చాడు. ఆ సంగతి అతనూ ఒప్పుకుంటున్నాడు. మీసం సంగతి మాత్రం ఒప్పుకోడు.

కర్తను అడిగితే, చేతులు కలపాలని కలపలేదనీ, నడుమ చోటు చాలక ఒకరి చెయ్యి ఇంకొకరి మీదికి వెళ్ళిందనీ అంది. కాగితం చూస్తే ఇదే నిజమనిపిస్తుంది. ఎడమవైపు మనుషులు విడివిడిగా ఉండి, కుడివైపుకు వెళ్ళేకొద్దీ ఇరుకైపోయారు. చివర కర్త తనను తాను సగమే వేసుకుంది. ఈలోగా బొమ్మ ఫోటో తీసి బాబాయికి పంపారు. ఆయన మీసం గుర్తుపట్టి, అది తానేనని వెంటనే ఒప్పుకున్నాడు. స్వప్రయోజనం ఉన్న సాక్షి మాట తర్కానికి నిలవదు గాని, ఆ ఇంట్లో ప్రస్తుతం చలామణీలో ఉన్న అర్థం అదే.

కాలనిర్ణయం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను కొట్టింది. కొబ్బరితోటలు తోటలుగా నేలకూలాయి. ఇంటి చుట్టూ నాలుగు చెట్లుండేవనీ, బొమ్మలో రెండే ఉన్నాయి కనక ఇది తుపాను తరవాతిదేననీ తండ్రి వాదం. ఇది నిలవదు. ఇంటికి అటొకటి ఇటొకటి చెట్టు వేయడం కొండల్లాగే కవిసమయం. తోటలో నాలుగు వందల చెట్లున్నా బొమ్మలో రెండే ఉంటాయి. యాంటెన్నా అంతకన్నా గట్టి సాక్ష్యం. తుపానుకు అది గొట్టంతో సహా విరిగి పక్కింటి దొడ్లో పడింది. మళ్ళీ నిలబెట్టలేదు, ఆ తరవాత కేబులు వచ్చింది. పేరులో లావత్తు లేకపోవడం కూడా దీనికే తోడు: ఒకటో తరగతిలో గుణింతాలు అయ్యి ఒత్తులు రాని రోజులవి. పైహద్దు అలా దొరికింది. కింది హద్దు కాగితం వెనకవైపు ఉంది. అక్కడ తాతయ్య చేతిరాతలో 1995 సెప్టెంబరు దింపు లెక్క: కాయలెన్ని, వెయ్యికి ధరెంత, దింపు కూలీ ఎంత, ఇంటికి ఉంచినవెన్ని. కనక బొమ్మ ఆ దింపుకూ తుపానుకూ మధ్యది.

ప్రతి సంరక్షణ. పద్దు కాగితం అంచులు పసుపుబారి పెళుసెక్కాయి. మైనపు రంగు ఎదురుగా ఉన్న కాగితానికి అంటుకుంటుంది కనక నడుమ బటర్ పేపరు పెట్టాలి. కలరా ఉండలు తగిలేలా ఉంచకూడదు. లామినేషను అసలే పనికిరాదు. ఆ వేడికి క్రేయాను కరిగి కాలవ ఇంట్లోకి వస్తుంది.

సంరక్షణ మాట వచ్చినప్పుడు చివరి ఆక్షేపం లేచింది. ఇంతసేపూ బొమ్మను మూలమనీ, లెక్కను వెనకవైపు అనీ అనుకోవడమే తప్పని తండ్రి. ఆయన దృష్టిలో మూలం వాళ్ళ నాన్నగారి దస్తూరీ. దాని మీద పిల్ల పిచ్చిగీతలు గీసింది. పద్దు పుస్తకం చింపినందుకు ఆ రోజు దానికి రెండు తగిలించానని కూడా చెప్పాడు. చింపిన కాగితాన్ని ట్రంకుపెట్టెలో దాచింది తాతయ్యే. లెక్క కోసం దాచాడని కొడుకు, బొమ్మ కోసం దాచాడని మనవరాలు. కాగితాన్ని మడిచిన తీరు చూస్తే లెక్క లోపలికీ బొమ్మ పైకీ ఉన్నాయి. పద్దుల మనిషి లెక్కను ఎప్పుడూ లోపలికే మడుస్తాడు గనక దీన్నిబట్టి ఏదీ తేలదు. చివరికి రెండువైపులా అద్దం వచ్చే ఫ్రేము కట్టించాలని ఒప్పందమైంది. పటాలు కట్టే అతను రెండు అద్దాలకు రెండు పటాల డబ్బు అడిగాడు, బేరం నడుస్తోంది.