రేడాన్ మీద మా పేటలో చెప్పే సలహాలు: ఒక్కటీ పాటించకండి

"వాసన రాకుంటే గాలి మంచిదే." సోలాపూర్‌లోని మా జోడ్‌భావి పేట్‌లో నాకు ఈ మాట మొదట చెప్పింది మా మేనత్త. కాదు అత్తా. రేడాన్‌కు వాసన లేదు, రంగు లేదు. నేలలోని యురేనియం ఏళ్ల తరబడి క్షీణిస్తూ రేడియం అవుతుంది, రేడియం నుంచి ఈ రేడియోధార్మిక వాయువు పుడుతుంది, గచ్చు బీటల్లోంచి ఇంట్లోకి వస్తుంది. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు అణువిద్యుత్ కేంద్రంలో పనికి వెళ్తే రేడియేషన్ అలారం మోగింది. ఆ కేంద్రంలో అప్పటికి కరెంటు ఉత్పత్తే మొదలవలేదు. రేడియోధార్మికత అతని ఇంట్లోనే దొరికింది: ఘనపు మీటరు గాలిలో దాదాపు లక్ష బెక్వెరల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) రేడాన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించిన హద్దు 100.

"మనది నల్లరాతి నేల, మనకేం కాదు." ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది ఎక్కువ మోసం చేస్తుంది. సోలాపూర్ కింద ఉన్న బసాల్ట్‌లో గ్రానైట్ కంటే యురేనియం బాగా తక్కువ. మా తాతలు మగ్గం పని కోసం వదిలొచ్చిన నల్లగొండ వైపు గ్రానైట్ నేల; లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం నిక్షేపాలే ఉన్నాయి. అక్కడి ఊళ్ళో పాత ఇల్లు ఇంకా ఉన్నవాళ్ళు ముందు దాన్ని కొలిపించండి. అయినా రాయి ఒక్కటే లెక్క తేల్చదు. గచ్చు ఎంత పగిలింది, గాలి ఎంత ఆడుతోంది అన్నదాన్ని బట్టి ఆనుకొని ఉన్న రెండిళ్ళలోనే అంకె మారిపోతుంది. పక్కింటి అంకె మీకు పనికిరాదు. మన ఇళ్ళలో గాలి ఆడేదీ తక్కువే: నూలు తెగకూడదని, తేమ నిలవాలని కిటికీలు మూసుకొని నేసేవాళ్ళం మనం. పాత గుంట మగ్గం ముందు కూర్చున్నవాళ్ళ కాళ్ళైతే నేల లోపలే ఉండేవి.

"తలుపులు తీసి ఒక్కరోజు పెట్టి చూడు, అంకె తక్కువొస్తే నిశ్చింత." అలా చూస్తే తెలిసేది బయటి గాలి సంగతే. ఇంట్లో రేడాన్ పగలొకలా రాత్రొకలా, ఎండాకాలం ఒకలా చలికాలం ఒకలా ఉంటుంది. రెండు మూడు రోజుల పరీక్ష మొదటి అంచనాకే. నమ్మదగినది మూడు నెలలకు తగ్గనిది. దానికి భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన చిన్న డబ్బాల్లాంటివి ఉన్నాయి. లోపలున్న ఫిల్ము ముక్క మీద ఆల్ఫా కణాలు గుర్తులు వేస్తాయి, ల్యాబ్‌లో వాటిని లెక్కపెడతారు. కరెంటు అక్కర్లేదు.

"రేడాన్ ఉన్నా లేకున్నా ఒకటే, బీడీ తాగేవాడికి ఎలాగూ జబ్బే." నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సలహా ఇదే. రేడాన్ 100 బెక్వెరల్స్ ఉన్న ఇంట్లో, పొగ తాగని వెయ్యిమందిలో 75 ఏళ్లలోపు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చేది సుమారు 5 మందికి. పొగ తాగే వెయ్యిమందిలో సుమారు 120 మందికి. అదే 400 అయితే 7, 160. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది. పొగ, రేడాన్ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఆడవాళ్ళు వేలమంది బీడీలు చుట్టి ఇల్లు గడుపుకునే ఈ ఊళ్ళో ఈ మాట చెప్పడం నాకు కష్టమే. కానీ అన్నా, మీటరు కొనే ముందు ఇంట్లో బీడీ ఆర్పండి. దానికి ఏ ల్యాబూ అక్కర్లేదు.

"బీటలకు సిమెంటు పూస్తే చాలు." చాలదు. పూసినా రేడాన్ వేరే దారి వెతుక్కుంటుంది. అంకె ఎక్కువుంటే గచ్చు కింద గొట్టం దించి, ఫ్యానుతో ఆ గాలిని కప్పు పైకి పంపాలి. పూత దానికి తోడు మాత్రమే.

"బరువైన వాయువు కాబట్టి డబ్బాను నేల మీదే పెట్టాలి." వద్దు. రేడాన్ ఇంటి గాలిలో కలిసిపోతుంది. మనుషులు ఊపిరి పీల్చే ఎత్తులో, కిటికీకి, పొయ్యికి దూరంగా, ఎక్కువసేపు కూర్చునే లేదా పడుకునే గదిలో వేలాడదీయండి. మనింట్లో అయితే మగ్గం గదే. కార్తీకం వెళ్ళగానే తగిలించి, మూడు నెలలు నిండేలా శివరాత్రి దాటాక తీయండి. చలికి తలుపులు మూసుకునే రాత్రులన్నీ అందులోకి వస్తాయి.