రెప్ప వేయుడు, మీరు మీరేనో చూతము

స్వయంవర మండపమున నలుని రూపము దాల్చిన దేవతలు నలుగురును, నలుడొకడును, వెరసి ఐదుగురు నలులు వరుసగా కూర్చుండి యుండగా, వారిలో చెమట పట్టినవానిని, పాదములు నేల తాకినవానిని, మెడలోని పూలదండ వాడినవానిని, అన్నిటికంటె ముఖ్యముగా కనురెప్ప వేసినవానిని కనిపెట్టి దమయంతి వరించెనని పెద్దలు చెప్పగా వినియున్నాము. మనము దీనిని కథగా విని ఊరకుంటిమి గాని, మన కాలపు యంత్రశిల్పులు ఊరకుండలేదు. నేడు ముఖము చూచి హాజరు వేసికొను యంత్రములు పెక్కు, ఎదుట నిలిచినవానిని కోరునది ఇదియే: రెప్ప వేయుము. అచ్చువేసిన ఛాయాచిత్రము రెప్ప వేయదు గనుక, వేసినవాడు ప్రాణమున్నవాడని ఆ యంత్రముల సిద్ధాంతము. ఐనను ఒక్క భేదము కలదు. దమయంతి ఈ పరీక్షను ఒక్కసారి చేసినది. పెండ్లియైన పిమ్మట ప్రతి ఉదయమును తొమ్మిది గంటలకు భర్తను గుమ్మములో నిలువబెట్టి, నీవు నలుడవేనా, రెప్ప వేసి చూపుమని ఆమె అడిగినట్లు ఏ కవియు వ్రాయలేదు.

బుద్ధిగల పరిసరము అను మాట యొకటి ఇప్పుడు పండితులలోను, వ్యాపారులలోను మిక్కిలి ప్రచారములో నున్నది. గది తనలో ఎవరున్నారో తానే తెలిసికొనవలెననియు, తలుపు తన యజమానిని చూచి తానే తెరచుకొనవలెననియు, వీథిదీపపు స్తంభము దారిన పోవువాని పేరును ఊరును ఎరిగియుండవలెననియు దీని సారాంశము. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన పెంట్‌లాండ్, చౌధురి అను ఇరువురు పండితులు 2000 సంవత్సరముననే, ఇట్టి పరిసరములకు ముఖమును గుర్తించు విద్య యేల కావలెనో వివరించుచు వ్యాసము వ్రాసిరి. పాపము, వారు కలగన్నది మనుష్యునికి సేవ చేయు గదిని. మనకు దక్కినది మనుష్యుని సంజాయిషీ అడుగు గోడ. గోడలకు చెవులుండునని మన పూర్వులు గొంతు తగ్గించి మాటలాడెడివారు; వానికి కన్నులు కూడ మొలచినవని మనము రిబ్బను కత్తిరించి కొబ్బరికాయ కొట్టుచున్నాము.

ఆ కన్ను ఎవరిపై ఎట్లు పనిచేయునో దగ్గరగా పోయి చూతము. 2025 జులై మొదలుకొని అంగన్‌వాడీ కేంద్రములలో గర్భిణులకును బాలింతలకును ఇంటికిచ్చు పోషకాహారమునకు ముఖపరీక్షను ముడిపెట్టిరి. చంకలో బిడ్డతో బాలింత వచ్చి నిలుచును. టీచరు ఫోను ఎత్తి పట్టును. "కొంగు తియ్యమ్మా, తలెత్తు, ఇప్పుడు కళ్లార్పు." యంత్రము కాదనును. వెలుతురు చాలదేమోనని ఆమెను గుమ్మములోనికి పిలుచును. ఎండ ఎక్కువైనదేమోనని మరల లోనికి పంపును. ఇంతలో చంకలోని బిడ్డ ఆ ఫోనును చూచి బోసినోటితో నవ్వి తానును చట్రములోనికి దూరును. అంతయు చక్కబడి రెప్పయు వేసిన తరువాత సిగ్నలు పోవును. ఇక్కడ గమనింపవలసినదేమనగా, ఆ టీచరు ఆమెను పేరు పెట్టి పిలుచును. ఆమె కడుపుతో నున్నప్పుడు ఇంటికి పోయి పలుకరించినది ఆ టీచరే. ఆ బిడ్డను తూకములో వేసి బరువు వ్రాసికొనుచున్నదియు ఆ టీచరే. కాని ఎరిగినదాని సాక్ష్యము చెల్లదు; ఎన్నడును ఆ ఊరి పొలిమేర తొక్కని సర్వరు సాక్ష్యము చెల్లును. ఇరుగుపొరుగువారు పరస్పరము తెలిసికొని యుండుటను రద్దుచేసి, దాని స్థానమున తెలియనివాని ధ్రువపత్రమును నిలుపుటకు మనము పెట్టుకొన్న పేరే పారదర్శకత.

పింఛనుదారుల ముచ్చటయు ఒకటి గలదు. విశ్రాంతోద్యోగి తాను బ్రదికియున్నానని ఏటేట నిరూపించుకొనవలెను. కేంద్ర ప్రభుత్వము 2014లో జీవన్ ప్రమాణ్ అను పేర దీనికి వేలిముద్రల ఏర్పాటు చేసి, 2021 నవంబరులో ముఖము చూపు పద్ధతినిగూడ చేర్చినది. న్యాయము చెప్పవలెనన్నచో, వ్రేళ్లగీతలు అరిగిపోయిన వృద్ధులకు ఇది కొంత మేలే. మంచమువద్దనే పని జరుగును. చిక్కంతయు యంత్రము కాదన్న నాడు వచ్చును. నేను చనిపోలేదని నోటితో చెప్పు మనుష్యుని మాటను త్రోసివేయు అధికారము పూర్వము యమధర్మరాజుకైనను లేదు.

ఇక పంతుళ్ల మాట. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉపాధ్యాయుల హాజరును ముఖము చూచు యాప్‌లోనికి మార్చి, ఎవరి ఫోనులో వారే దానిని ఎక్కించుకొనవలెనని ఆజ్ఞాపించగా, ఫోను మాది, డేటా మాది, అనుమానము మాత్రము మీదా యని ఉపాధ్యాయ సంఘములు మొఱపెట్టుకొన్నవి. బడికి రాని పంతులు లేడని నేననను. ఉన్నాడు, అతనిని ఊరంతయు ఎరుగును. కాని ముఖము చూచిన యంత్రమునకు అతడు బడిలో నున్నాడని మాత్రమే తెలియును. పాఠము చెప్పినాడో, కుర్చీలో జోగినాడో తెలియదు. దానిని తెలిసికొనుటకు తనిఖీదారు వచ్చి పిల్లవానిని లేపి రెండు ప్రశ్నలు వేయవలెను. అది శ్రమతో కూడిన పని గనుక యంత్రమును కొన్నారు.

ఇంతకును ఈ యంత్రము మనలను గుర్తించునా? గుర్తింపదు. ముఖమును అంకెల వరుసగా మార్చి, అంతకుముందు దాచిన అంకెల వరుసతో సరిచూచి, రెంటికిని నడుమ దూరమెంతయో లెక్కగట్టును. దాని విద్య యంతయు అంతమాత్రమే. ఎంత దూరమువరకు ఇద్దరిని ఒక్కనిగా ఎంచవలెనో నిర్ణయించునది ఎక్కడనో చల్లని గదిలో కూర్చున్న మనుష్యుడు. ఆ హద్దును బిగించినచో ఇంటివాడే బయట నిలుచును. సడలించినచో పరాయివాడు లోనికి వచ్చును. ఒక తప్పును తగ్గించినకొలది రెండవది పెరుగును. ఈ సంగతిని యంత్రము తయారు చేసినవారు దాచరు; కొనినవారు చదువరు. పోలిక నూటికి ఎనుబది పాళ్లు కుదిరినచో సరిపోయినట్లే భావింతుమని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు క్రింద వచ్చిన ప్రశ్నకు బదులిచ్చిరి. మన ఇండ్లలో అన్నదమ్ములకు, మేనమామ మేనల్లుళ్లకు ఎనుబది పాళ్లు పోలిక కుదురుట ఎంతసేపు? పోనిండు, వేయింటికి ఒక్కటే తప్పు చేయు ఉత్తమ యంత్రము దొరికినదనుకొందము. దినమునకు లక్షమంది నడచు రైల్వే స్టేషనులో దానిని నిలిపినచో, ప్రతిదినమును నూరుగురు నిరపరాధులు దొంగలుగా తేలుదురు. ఆ దినమున అసలు దొంగ స్టేషనుకు వచ్చియుండవలెనను నియమమును లేదు.

ఈ బుద్ధి ప్రదర్శించిన లీలలు లోకమున కొల్లలు. చైనాలోని నింగ్‌బో నగరమున 2018లో, దారికి అడ్డముపడి రోడ్డు దాటువారి ముఖములను పట్టి బహిరంగముగా తెరపై చూపు యంత్రమొకటి, డాంగ్ మింగ్‌జూ అను ప్రసిద్ధ వ్యాపారవేత్తను నేరస్థురాలిగా ప్రకటించెను. విచారింపగా ఆమె అచ్చట లేనేలేదు; ఆమె బొమ్మ అచ్చొత్తిన ప్రకటనతో ఒక బస్సు మాత్రము ఆ దారిన పోయినది. పాపము, ఆ యంత్రమునకు రెప్ప వేయుమని అడుగు తీరిక లేకపోయెను కాబోలు. తప్పిపోయిన పిల్లలను వెదకుటకని ఢిల్లీలో పెట్టిన ఏర్పాటు నూటికి ఒక్కపాలు కూడ ఫలింపలేదనియు, మగపిల్లవానికిని ఆడపిల్లకును భేదము తెలిసికొనలేకపోయెననియు 2019లో హైకోర్టు ఎదుట కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకొనవలసి వచ్చెను. జాయ్ బులమ్‌వీని, టిమ్నిట్ గెబ్రూ అను విదుషీమణులు 2018లో పేరుపొందిన సంస్థల యంత్రములను పరీక్షింపగా, ముఖము చూచి ఆడయో మగయో చెప్పుటలో తెల్లని పురుషుల విషయమున తప్పు నూటికి 0.8 దాటలేదు; నల్లని స్త్రీల విషయమున 34.7 వరకు పోయెను. మన దేశపు ఎండలో పనిచేయు స్త్రీల ముఖములపై ఈ విద్యను ప్రయోగించుటకు ముందు ఈ అంకెను ఒక్కసారి చదివినవారెందరు?

నవ్వి విడుచుటకు వీలులేనిది డెట్రాయిట్ నగరపు వృత్తాంతము. రాబర్ట్ విలియమ్స్ అను నల్లజాతి గృహస్థుని 2020 జనవరిలో, గడియారములు దొంగిలించినాడని యంత్రము చెప్పిన పోలికను పట్టుకొని, ఆయన వాకిటనే భార్యాబిడ్డలు చూచుచుండగా సంకెలలు వేసి తీసికొనిపోయి, ముప్పది గంటలు నిర్బంధించిరి. దొంగ ఆయన కాడు. నాలుగేండ్లు పోరాడగా 2024లో నగరపాలకులు నష్టపరిహారమిచ్చి, కేవలము యంత్రపు పోలికను ఆధారముగా గొని ఎవ్వరిని నిర్బంధింపరాదను నియమమునకు ఒప్పుకొనిరి.

తప్పు చేయనివానికి భయమెందుకని అడుగువారు మనలో తక్కువగా లేరు. వారి ధైర్యము ప్రశంసనీయమే. 2021లో కరోనా దినములలో హైదరాబాదు వీథిలో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఆపి, మూతికి కట్టుకొన్న మాస్కును తీయుమని చెప్పి ఫొటో తీయగా, ఏ చట్టము ప్రకారమని ఆయన అడిగి, బదులు చాలక హైకోర్టుకెక్కెను. భయపడవలసిన పనిలేనివాడు గనుకనే అడిగెనని నాకు తోచుచున్నది. నిజముగా తప్పు చేయనివారికి భయము లేనియెడల, టెండర్లు ఖాయము చేయు గదులలోను, అతిథిగృహములలోని మంతనములలోను ఈ కన్నును ముందుగా అమర్చుమని ఏ అధికారియు కోరడేమి?

విమానాశ్రయమునకు పోయి చూడుడు. శంషాబాదులో 2023 నుండి ముఖము చూపి లోనికి పోవు డిజియాత్ర ఏర్పాటు కలదు, అది ఇష్టమున్నవారికే. ఇష్టము లేనివాడు ప్రక్క వరుసలో టికెట్టు చూపి పోవును. 2020 జనవరిలో కొంపల్లి పురపాలక ఎన్నికలలో పది పోలింగు కేంద్రములందు ముఖపరీక్షను ప్రయోగాత్మకముగా పెట్టినప్పుడును, యంత్రము కాదన్నంత మాత్రమున ఓటు నిరాకరింపబోమని ఎన్నికల సంఘము ముందే ప్రకటించినది. అనగా యంత్రము పొరబడునని ప్రభుత్వమునకు తెలియును. ప్రక్క వరుస పెట్టుటయు తెలియును. విమానమెక్కువానికి పెట్టిన ప్రక్క వరుసను బియ్యమునకు, పాలకు, గ్రుడ్లకు వచ్చినవారికి పెట్టుటయే తెలియదు.

కావున పాఠక మహాశయులారా, మీ ఊరి గ్రామసభలో ఈసారి ఒక్క తీర్మానము చేయింపుడు. యంత్రము ప్రక్కన కాగితపు రిజిస్టరొకటి ఉండవలెను. ఎరిగిన టీచరు, ఎరిగిన రేషను డీలరు దానిలో సంతకము చేసిన నాడు సరకు ఆ పూటకే చేతికి రావలెను. వచ్చినవారు వేరొకరని యంత్రము వాదించునేని, ఆ సంగతి నిరూపించు బరువు దానిని కొన్నవారిపై పడవలెను.