దివిసీమలో డెలివరీ యాప్ పెట్టి కాలుమీద కాలేసుకోవడం ఎలా?

నాగాయలంకలో కూర్చుని అవనిగడ్డ బిర్యానీ అమ్మాలనుకుంటున్నారా? శుభం. మీకు కావలసింది ఓ ఫోను. బండీ, పెట్రోలూ, నడుమూ కుర్రాడివి.

1. కుర్రాణ్ణి 'పార్ట్‌నర్' అనండి. పనివాడంటే పీఎఫ్, ఈఎస్ఐ అడుగుతాడు. పార్ట్‌నర్‌కి టీషర్టు చాలు. దాని ఖరీదు మొదటి వారం డబ్బుల్లో కోసేయండి.

2. టైము బిగించండి. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు, మిగతా సగంలో రొయ్యల లారీ ఎదురొస్తుంది. చీకట్లో ఆ రాళ్లు కుర్రాడికే కనపడవు, యాప్‌కేం కనపడతాయి? 2025 డిసెంబరు 31న డెలివరీ కుర్రాళ్లు సమ్మె చేశారు. ఆపై జనవరిలో, పది నిమిషాల డెలివరీ ప్రచారం మానమని కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలకు చెప్పారు. మీరూ మానండి. బోర్డు మీద అంకె చెరిపేసి, కుర్రాడి ఫోనులో గడియారం అలాగే ఉంచండి.

3. ఎదురుమొండి దీవి ఆర్డరు తప్పక తీసుకోండి. పంటు ఛార్జీ కుర్రాడిది. రేవులో నిలబడ్డంతసేపూ బండి కదల్లేదు కనుక అది విశ్రాంతి. విశ్రాంతికి డబ్బులిచ్చేవాణ్ణి ఎక్కడైనా చూశారా?

4. బందరు పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజే మీకు పండగ. 'వాన బోనస్' ప్రకటించండి, పదిహేను ఆర్డర్లు చేసినవాడికి. పద్నాలుగో ఆర్డరయ్యాక అతనికి ఆర్డర్లు ఆపండి.

5. కుర్రాడు పడిపోయాడని ఫోనొస్తే ముందు పార్శిల్ సంగతి కనుక్కోండి. బీమా ఉందని అందరికీ చెప్పండి. పార్శిల్ ఇచ్చి తిరిగొచ్చే దారికి వర్తించదని అడుగున సన్నక్షరాల్లో రాయండి. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో డెలివరీకి వెళ్లినతను, కుక్క తరమడంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఆ డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. మనది ఆంధ్రా. కృష్ణ దాటి రాదులెండి.

6. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకొచ్చింది. గిగ్ కార్మికుల నిధికి యాప్ యజమానులు టర్నోవరులో 1 నుంచి 2 శాతం కట్టాలంటుంది. అయిదేళ్లు అటకెక్కి కూర్చున్న చట్టం అది, మీ పుస్తకాలు మాత్రం ఆర్నెల్లు అటకెక్కకూడదా? ఎవరైనా అడిగితే ఆడిటరు ఊళ్లో లేరనండి.

7. టీ బంకు దగ్గర నలుగురు కుర్రాళ్లు గుమిగూడితే ఒకడి ఐడీ బ్లాక్ చేయండి. కారణం చెప్పే మనిషి ఉండకూడదు. 'మీ ఖాతా పరిశీలనలో ఉంది' అని మెసేజ్ చాలు. అతను ఇంటికే వచ్చి "బాబాయ్, నేనేం చేశాను?" అంటే నిట్టూర్చండి. "అంతా అల్గారిదంరా అబ్బాయ్, నా చేతిలో ఏముంది?" అనండి. ఎలాగూ వచ్చాడు కదా, కోడూరు పార్శిలొకటి చేతిలో పెట్టండి. ఐడీ లేదు కనుక ఆ కిలోమీటర్లు లెక్కలో పడవు.