స్కీ ప్రశ్నపద్యానికి టీకా తాత్పర్యాలు

మూలము

స్కీలు కొనుట మేలొ, సీజనద్దెయె మేలొ,
బూటు బిగువు, రానుపోను ఖర్చు,
ఎండతోడ లిఫ్టు కొండ నెక్కించునొ
తెలియజెప్పరయ్య ధీరులార!

అవతారిక

మంచుకొండకు తొలిసారి బయలుదేరే తెలుగువాడి సందేహాలన్నిటినీ ఒక ఆటవెలదిలో కుదించిన పద్యమిది. వ్యాఖ్య రాయాలన్న ఉబలాటంతో వ్యాఖ్యాతే మూలాన్ని కూడా కట్టుకొన్నాడు గనుక కర్తృత్వ వివాదమూ పాఠాంతర చర్చా ఇక్కడ లేవు. మూడో పాదంలో ప్రాసయతి, తక్కినవాటిలో అక్షరయతి. రెండో పాదం చివరి ‘ఖర్చు’కూ మూడో పాదం మొదటి ‘ఎండ’కూ సంధి చేయకపోవడం దోషమని పండితులు పట్టుకొంటారు. పట్టుకోనివ్వండి. ఎండ లిఫ్టును నడుపుతుంది గాని రానుపోను ఖర్చును తాకలేదు. పద్యంలో అవి రెండూ అతకకపోవడమే న్యాయమని ఈ వ్యాఖ్య వాదం.

ప్రతిపదార్థము

స్కీలు కొనుట మేలొ = మంచుపై జారుటకు కాళ్లకు తగిలించుకొను పొడుగుపాటి పలకలను సొంతము చేసికొనుట లాభమా; సీజనద్దెయె మేలొ = చలికాలమంతటికిగాని ఉన్న నాళ్లకుగాని దుకాణమునుండి అద్దెకు తెచ్చుకొనుటయే లాభమా; బూటు బిగువు = పాదమునకు బూటు ఎంత ఒత్తుగా ఉండవలెనో ఆ కొలత; రానుపోను ఖర్చు = ఇంటి గుమ్మము మొదలు మంచు అంచువరకు, మరల గుమ్మమువరకు అగు ధనవ్యయమును ఇంధనవ్యయమును; ఎండతోడ = సౌరవిద్యుత్తుచేత; లిఫ్టు = జారి దిగినవారిని మరల పైకి చేర్చు తీగయంత్రము; కొండ నెక్కించునొ = నిజముగా ఎక్కించునా, ప్రకటనలో మాత్రమే ఎక్కించునా; ధీరులార = ఇన్ని ప్రశ్నలు వినియు లేచిపోనివారలారా; తెలియజెప్పరయ్య = సుగమము.

వ్యాఖ్య

కొనడమా, అద్దెకు తేవడమా అన్నది ముందుగా ఒక భాగహారం. స్కీల ధరను రోజు అద్దెతో భాగిస్తే, ఎన్ని రోజులు జారితే కొన్న డబ్బు గిట్టుతుందో వస్తుంది. మ్యూనిక్‌లోనో డెన్వర్‌లోనో కాపురముండి సెలవు దొరికినప్పుడల్లా కొండకు పోగల తెలుగువారికి ఆ సంఖ్య త్వరగానే నిండుతుంది. హైదరాబాద్ నుంచి ఏడాదికోసారి వారం రోజులకు పోయేవాడికి అది నిండేలోపు స్కీలే ముసలివవుతాయి. మధ్యలో అంచులకు పదును పెట్టించాలి, అడుగుకు మైనం పట్టించాలి, విమానంలో ఆ పొడుగు సంచికి తావు సంపాదించాలి. బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలేసే బైండింగుకు కొన్నేళ్లు గడిస్తే తయారీదారు పూచీ తీసేస్తాడు. ఆ తర్వాత దుకాణంలో దాన్ని బిగించి ఇవ్వడానికి ఒప్పుకోరు. బూటు సంగతి వేరు. దాని సైజు పాదం పొడవే, సెంటీమీటర్లలో. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడను తాకాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి, మడమ మాత్రం లేవకూడదు. లోపల ఒక్క పలచని సాక్సు చాలు. ఇంత కచ్చితంగా అమరవలసిన వస్తువు పదిమంది పాదాలకు అణిగిన అద్దె బూట్లలో దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. దూరం నుంచి వచ్చేవాడు కూడా తరచుగా వస్తాడనుకొంటే ముందు కొనవలసింది బూటే. అది పెట్టెలో పడుతుంది, పలకలు పట్టవు. ఇక స్కీయర్లు డిన్ అని పిలిచే బైండింగు అంకెను బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, జారే తీరు చూసి పట్టికలోంచి తీస్తారు. బరువు తగ్గించి చెబితే స్కీ అకారణంగా ఊడుతుంది. నైపుణ్యం పెంచి చెబితే ఊడవలసినప్పుడు ఊడక మోకాలి మీదికి వస్తుంది. ప్రగల్భానికి ఇంత త్వరగా ఫలితమిచ్చే శాస్త్రం మరొకటి లేదు. ఇప్పుడు వెనక్కి చూస్తే, ఈ తీర్పునంతా నడిపించింది ఎంత దూరం నుంచి ఎన్నిసార్లు వస్తామన్న ఒక్క ప్రశ్న. మొదటి పాదానికి జవాబు రెండో పాదం చివర దాగి ఉంది.

మూడో పాదానికి దృష్టాంతం స్విట్జర్లాండులోని టెన్నా. గ్రౌబ్యుండన్ రాష్ట్రంలో సాఫియన్ లోయ పైన సుమారు 1,650 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న పల్లె. అక్కడి పాత లిఫ్టు కాలం చెల్లితే, ఊరివారు సహకార సంఘంగా పూనుకొని 2011 చివర కొత్తది కట్టించారు. ప్రపంచంలో తొలి సౌర స్కీ లిఫ్టుగా దానికే పేరు. పొడవు సుమారు 450 మీటర్లు. టి ఆకారపు కర్రకు నడుము ఆనిస్తే మనిషిని స్కీల మీదే పైకి లాగే రకం. లాగే తీగకు పైన వేరే తీగలు కట్టి, వాటికి 80కి పైగా సౌర ఫలకాలను వరుసగా వేలాడదీశారు. అవి సూర్యుడి వెంట తిరుగుతాయి. మంచు పేరుకొంటే వాలి రాల్చేస్తాయి. సామర్థ్యం 60 కిలోవాట్లు. ఏడాదికి వచ్చే కరెంటు సుమారు 90,000 యూనిట్లు, లిఫ్టు తినేది సుమారు 22,000. మిగిలింది గ్రిడ్డుకు అమ్ముతారు. ఇక్కడ శంక: లిఫ్టు నడిచేది చలికాలంలో, ఎండ కాసేది వేసవిలో, మరి ఎండతో నడిచిందనడం ఎలా? సమాధానం: ఇది ఏడాది మొత్తం మీది జమాఖర్చు. చలికాలంలో చాలని పూట గ్రిడ్డు ఇస్తుంది, వేసవిలో అంతకంటె ఎక్కువే తిరిగి పుచ్చుకొంటుంది. అదీగాక చల్లని గాలిలో ఫలకాలు మెరుగ్గా పనిచేస్తాయి, మంచు నుంచి పరావర్తనమయ్యే వెలుగు వాటికి అదనపు ఆదాయం. ప్రకృతి శక్తితో లిఫ్టు నడపడం కొత్త వింతా కాదు. 1908లో జర్మనీ నల్లఅడవి ప్రాంతపు షోలాఖ్‌లో రాబర్ట్ వింటర్‌హాల్డర్ నెలకొల్పిన తొలినాటి లిఫ్టు నీటిమర బలంతోనే తిరిగింది.

కనుక ‘ఎండతోడ లిఫ్టు కొండ నెక్కించునొ’ అంటే, ఎక్కిస్తుంది, తాను తినేదానికి మూడింతలు మిగులుస్తుంది. కాని ఇంత సులభంగా సాధ్యమైందంటే లిఫ్టుకు అసలు కావలసిన శక్తే తక్కువన్నమాట. దీన్ని రానుపోను ఖర్చు పక్కన పెట్టి చూడాలి. హైదరాబాద్ నుంచి జూరిక్‌కు నేరుగా గీత గీస్తే సుమారు 7,000 కిలోమీటర్లు, రానుపోను 14,000. మంచి విమానం కూడా నిండుగా పోతే మనిషికి 100 కిలోమీటర్లకు సుమారు 3 లీటర్ల ఇంధనం తాగుతుంది. మొత్తం 420 లీటర్లు, అందులో దాదాపు 4,000 యూనిట్ల శక్తి, వెలువడే బొగ్గుపులుసు వాయువు సుమారు ఒక టన్ను. అంటే టెన్నా లిఫ్టు ఏడాది పొడుగునా తినే శక్తిని మన ఊరి నుంచి వెళ్లిన అయిదారుగురు ఆకాశంలోనే కాల్చేస్తారు. వేడినీ కరెంటునూ ఒకే తక్కెడలో తూచరాదని ఇంజనీరు ఆక్షేపిస్తాడు. న్యాయమే; ఇంధనంలో సగమే పనికి మారిందనుకొని లెక్కను సగం చేసినా పన్నెండు మంది చాలు. ఫ్రాన్సు స్కీ ఊళ్లలో 2010 ప్రాంతంలో వేసిన కర్బన లెక్కలూ ఇదే చెప్పాయి: సగానికి పైగా వాటా యాత్రికుల రాకపోకలది, లిఫ్టులూ మంచు చదును చేసే బండ్లూ కలిపినా అతి చిన్న భాగం. లిఫ్టుకు ఎండ పెట్టి విమానాన్ని మరవడం పెళ్లిఖర్చు తగ్గించమంటే తాంబూలంలో వక్కలు లెక్కపెట్టడం వంటిది.

మీమాంసకుల పరిభాషలో, వాక్యంలో చేయవలసింది చెప్పేది విధి, దాన్ని పొగిడి ఉత్సాహపరిచేది అర్థవాదం. ఈ పద్యంలో ‘రానుపోను ఖర్చు’ విధి, ‘ఎండతోడ లిఫ్టు’ అర్థవాదం. అర్థవాదాన్నే విధి అనుకొని, సౌర లిఫ్టు ఉన్న చోటికి ఎంత దూరమైనా ఎగిరిపోతే పుణ్యమనుకొనేవాడు శాస్త్రం తప్పిన యజమాని. ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: అయితే టెన్నావారి శ్రమ వృథాయేనా? కాదు. మంచు పడని ఏటా ఎండ కాస్తుంది. లిఫ్టు ఖాళీగా ఉన్న నెలల్లో కూడా ఊరికి కరెంటు డబ్బు వస్తుంది. చిన్న ఊరి లిఫ్టును బతికించడం దాని అసలు ఫలం, ఆ ఫలం గొప్పదే. యాత్రికుడి పాపాన్ని కడగడం దాని పని కాదు. రెండో పూర్వపక్షి: పెద్ద క్షేత్రాల్లో గొండోలాలూ కృత్రిమ మంచు యంత్రాలూ కరెంటును విపరీతంగా మింగుతాయి గదా? మింగుతాయి. ఆ కరెంటు ఎక్కడిదో అడగవలసిందే. అడిగి, ఆ తర్వాత వచ్చిన దారి సంగతి కూడా చెప్పాలి. మూడోవాడు: నేను ఎక్కకపోయినా విమానం ఎగురుతుంది. ఈరోజు ఎగురుతుంది, వచ్చే ఏడాది ఎన్ని ఎగరాలో ఈ ఏడాది నిండిన సీట్లు నిర్ణయిస్తాయి.

నాలుగోవాడిది గట్టి ప్రశ్న: నేనడిగింది జేబు ఖర్చు, నువ్వు చెబుతున్నది గాలి ఖర్చు. అదృష్టవశాత్తు రెండూ ఒకే దారిన పోతాయి. దూరపు స్కీ యాత్రలో టికెట్టు ఒక్కసారి పడే ఖర్చు; ఉన్న రోజులు పెరిగినకొద్దీ రోజుకు దాని భారం తగ్గుతుంది. మూడేళ్లలో మూడుసార్లు అయిదేసి రోజులు పోవడం కంటె ఒకసారి పదిహేను రోజులుంటే జారే రోజులు అవే, ప్రయాణ ఇంధనం మూడో వంతు. వీసా, బీమా, విమానాశ్రయపు పాట్లు కూడా ఒక్కసారే. దగ్గర కొండ ఎంచుకొన్నా ఇదే లాభం. గుల్మార్గ్ గొండోలా రెండో దశ 2005 నుంచి అఫర్వాట్ మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తోంది. హైదరాబాద్ నుంచి శ్రీనగర్ సుమారు 1,900 కిలోమీటర్లు, జూరిక్ దూరంలో మూడో వంతు కూడా లేదు. 2025 జూన్ నుంచి చినాబ్ వంతెన మీదుగా కట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు కూడా ఉంది. అయితే అదే ఏడాది ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడ్డాయి. గాలి ఖర్చు చివరికి జేబు ఖర్చుగా ఎలా తిరిగివస్తుందో దీనికి వేరే టీక అక్కరలేదు: టికెట్టు కొన్నాక కొండ మీద మంచు లేకపోవడమే ఆ ఖర్చు.

తాత్పర్యము

ఓ జిజ్ఞాసూ! స్కీలు అద్దెకు తెచ్చుకొనుము, మరల మరల పోవు ఉద్దేశ్యమున్నచో బూట్లు కొనుము, దుకాణములో నీ బరువు ఉన్నదున్నట్లు చెప్పుము. దగ్గరి కొండకు పొమ్ము, దూరపు కొండకే పోవలెనన్న ఒక్కసారి పోయి ఎక్కువ నాళ్లుండుము, రైలున్నచోట విమానమెక్కకుము. లిఫ్టు ఎండతో నడిచిన సంతోషించుము, దానిని నీ ఖాతాలో వేసికొనకుము. అది ఆ ఊరివారి సంపాదన. నీ ఖాతాలో పడునది రానుపోను ఖర్చొక్కటే.