దొడ్డి అంటే తప్పట

మా కోడలు బంగారం. ఒక్క మాట దగ్గరే మా ఇద్దరికీ చుక్కెదురు. "మావయ్య గారూ, పిల్లల ముందు దొడ్డి అనకండి, బ్యాక్‌యార్డ్ అనండి" అంటుంది. ఏమమ్మా అంటే, ఆ మాట వినగానే ఇక్కడి పిల్లలు ముక్కు మూసుకుని నవ్వుతారట. కోనసీమలో పుట్టి పెరిగి, డెబ్బై రెండేళ్లొచ్చాక ఇంటి వెనక జాగాని ఏమని పిలవాలో నేర్చుకుంటున్నాను. సరే, పేరు మార్చారు. జాగా సంగతో?

మావాడు హైదరాబాదు పొలిమేరల్లో, బాచుపల్లి దాటాక ఇల్లు కట్టాడు. వెనక పన్నెండడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడుగు. ఈ కొస నుంచి ఆ కొసకి టైల్సు. ఓ మూల ప్లాస్టిక్ గడ్డి తివాచీ, దాని మీద ప్లాస్టిక్ జారుడుబల్ల, సరిగ్గా పడమటి ఎండకి ఎదురుగా. ఏప్రిల్లో నేను దిగిన రెండోరోజు సాయంత్రం నాలుగింటికి మా చిన్నది, నాలుగేళ్ల పిల్ల, గౌను ఎగదోసుకుని దాని మీద కూచుని కెవ్వుమంది. తొడలు ఎర్రగా కందిపోయాయి. మళ్లీ అటు తొంగి చూడలేదు. ఏడేళ్ల పెద్దాడికి ఎలాగూ ట్యాబు ఉంది. మావాడు మాత్రం "సేఫ్టీ అంతా చూసే కొన్నాను నాన్నా" అంటాడు. నిజమే. అంచులు గుండ్రం, స్క్రూలు పైకి కనపడవు, రంగులో విషం లేదట. నీడ ఒక్కటే ఆ డబ్బాలో పెట్టి పంపలేదు.

మా రోజుల్లో, అంటే అరవైల్లో, ఇల్లెంతో దానికి రెండింతలు దొడ్డి. నుయ్యి, నూతి చప్టా, కుడితి గోలెం, గేదెల పాక, గడ్డిమేటు, పిడకల గుట్ట. జామ, పనస, మునగ, ఆరు కొబ్బరి చెట్లు. ఆదివారం రేడియోలో బాలానందం వచ్చే వేళకి తప్ప మేం ఇంట్లోకి వచ్చేవాళ్లం కాదు. జామ మీద కోతికొమ్మచ్చి ఆడేవాళ్లం. జామకొమ్మ వంగుతుంది గానీ అంత తొందరగా విరగదు. మునగకొమ్మ వంగకుండానే విరుగుతుంది. మునగచెట్టు ఎక్కించడం అన్న మాట ఊరికే పుట్టలేదండీ, ఇప్పటికీ పూర్తిగా చాపుకోని నా ఎడమ మోచెయ్యి దానికి సాక్ష్యం.

అట్లతద్దికి ఉయ్యాల కావాలి. కొత్త తాడు ఎవరిస్తారు? నూతి చేంతాడు అరిగి, పీచు లేచి, ఇక చేదకి పనికిరాదని పక్కన పడేస్తే అదే మా ఉయ్యాల. బకెట్టు నీళ్లు మొయ్యలేని తాడు, పీట మీద ముగ్గురు పిల్లల్ని మొయ్యాలి! తెగేది. మేం పడేవాళ్లం. గడ్డిచేమంతి ఆకు నలిపి పసరు పిండేవారు, లేదంటే పసుపూ సున్నమూ. ధనుర్వాతం అన్న మాట కూడా మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. గురివింద గింజ నోట్లో ఎవడు ఎక్కువసేపు ఉంచుతాడని పందేలు వేసుకునేవాళ్లం. అది కొరికి మింగితే ప్రాణాలు తీసే విషమని నాకు కాలేజీలో తెలిసింది. కొబ్బరి చెట్ల కింద ఆడొద్దని ఎవరైనా అంటే మా మామ్మ ఒప్పుకునేది కాదు. "కొబ్బరికాయకి మూడు కళ్లురా, మనిషిని చూసే పడుతుంది" అనేది. మా మేనమామ భుజం మీద పడ్డనాడు ఆ మూడూ ఒక్కసారే మూసుకున్నట్టున్నాయి.

ఆట పిల్లల హక్కని 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణంగా రాసుకున్నారు. 1992లో మన దేశమూ ఒప్పుకుంది. మాకు ఆ సంగతి ముందే తెలిసుంటే పొద్దుగూకాక ఇంటికొచ్చి వీపు అప్పగించే బాధ తప్పేది.

ఇక నుయ్యి. మా నూతి గట్టు మోకాలెత్తే. లోపలో తాబేలు ఉండేది. ఓ వేసవి పొద్దున్న మా చిన్నాన్న కొడుకు, ఐదేళ్లవాడు, దాన్ని చూద్దామని వంగి లోపలికి జారాడు. చప్టా మీద మా అమ్మ కొబ్బరిపీచూ బూడిదా పెట్టి గిన్నెలు తోముతోంది. చప్పుడు విని ఆవిడ పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. గేదెలకి కుడితి కలుపుతున్న పాలేరు పంచె ఎగ్గట్టి, వరల అంచులు పట్టుకుని దిగాడు. వాణ్ని భుజాన వేసుకుని పైకొచ్చాడు. మా తమ్ముడు ఇప్పుడు కాకినాడలో మనవల్ని ఆడించుకుంటున్నాడు. మర్నాడే మా నాన్న ఇటుకలు తెప్పించి గట్టు నడుమెత్తు లేపించారు.

మా వెనక వీధిలో, అలాంటి సమయానికి నూతి దగ్గర ఎవరూ లేని ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంటి గురించి మేం ఇప్పటికీ గట్టిగా మాట్లాడుకోం. బతికి బట్టకట్టినవాళ్లమే "మా రోజుల్లో" అని రాస్తాం లెండి.

అందుకని మా దొడ్డే భద్రమని నేను అనను. నా సణుగుడు వేరు. మమ్మల్ని కనిపెట్టి ఉండడానికని ఎవరూ దొడ్లోకి రాలేదు. అమ్మకి గిన్నెలు, మామ్మకి పిడకలు, పాలేరుకి గేదెలు, నెలకోసారి కాయ దింపేవాళ్లు. ఎవరి పని వాళ్లది, కంటి కొసన మేం. ఇప్పుడు గిన్నెలు సింకులో, బట్టలు మెషీన్లో, నీళ్లు కొళాయిలో. పెద్దవాళ్లెవరికీ దొడ్లో పని లేదు. పెద్దలు అడుగు పెట్టని చోటికి "వెళ్లి ఆడుకోండి" అని పిల్లల్ని తోస్తే వాళ్లు మాత్రం ఎందుకెళ్తారు?

నోరు మూసుకుని కూచోలేక ఓ పొద్దున్న ఆ జాగాలోకి దిగాను. మోకాళ్లు టకటకమంటున్నా చిన్నదాని ఎత్తుకి గొంతుక్కూచుని ఒక చివర నుంచి చూసుకుంటూ వచ్చాను. నిలబడితే కనపడనివి అప్పుడు కనపడ్డాయి. మొదట సంపు. టైల్సుకి సమంగా పల్చటి మూత, కాలితో తోస్తే జరిగింది. కింద నిలువెత్తు నీళ్లు. మా నుయ్యి ఎంత చెడ్డదైనా "నేను నూతినిరా" అని నిలబడి చెప్పేది. ఇది నేలతో కలిసిపోయి ఊరుకుంటోంది. తర్వాత పట్టాల మీద జరిగే ఇనప గేటు. చివర ఆపే గూటం లేదు. గట్టిగా లాగితే పట్టా దాటి మీద పడుతుంది. బట్టలారేసే దండెం ఇనప తీగ, దానికి జానెడు దూరంలో మోటారు కరెంటు వైరు. బట్టలుతికే చోట సగం నిండిన బకెట్టు. నడక నేర్చిన పసివాడు తలకిందులైతే ఆ నీళ్లే చాలు. ఆఖరికి, నర్సరీ నుంచి ముద్దుగా తెచ్చి కుండీలో పెట్టిన గన్నేరు! ఆకు, పువ్వు, కొమ్మ, అన్నీ విషమే. మా దొడ్లోనూ ఉండేది, కానీ గేదె కూడా దాన్ని ముట్టేది కాదు. గేదెకున్న జ్ఞానం నాలుగేళ్ల పిల్లకి ఉండొద్దూ అంటే ఎలా?

"ఇవన్నీ ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు మావాడు. బ్యాక్‌యార్డ్ అంటే నాకు తెలియదు కదరా, దొడ్డయితే తెలుసు అన్నాను. కోడలు నవ్వింది గానీ ఒప్పుకోలేదు.

వారంలో సంపుకి బరువైన మూత, తాళం వచ్చాయి. గేటుకి గూటం, దండేనికి నైలాను తాడు, మోటారు లైనుకి ఆర్‌సీసీబీ. గన్నేరు వెళ్లిపోయింది. పైన ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాం. మధ్యన పదడుగుల మేర టైల్సు పీకించి అడుగు లోతున ఇసుక పోయించాను. మేస్త్రీ రోబో ఇసుక చవక అన్నాడు. దుమ్ము రేగుతుంది, గరుకు, పిల్లలకి వద్దన్నాను. ఏటి ఇసుక ధర విన్నాక, గోదావరి ఒడ్డున ఊరికే దొర్లిన రోజులు గుర్తొచ్చి కళ్లు తిరిగాయి. పోయించిన మర్నాటికల్లా ఈ వీధి పిల్లులన్నీ దాన్నే తమ దొడ్డి చేసుకున్నాయి. అవి ఆ మాట సరిగ్గానే వాడుతున్నాయి చూడండి. అప్పట్నుంచి రాత్రిళ్లు ఇసుక మీద పట్టా కప్పుతున్నాం. పాత టైరుతో ఉయ్యాల కట్టాం, గోడకి తగలకుండా పొడుగు వారన ఊగేట్టు. టైరు అడుగున నాలుగు చిల్లులు పెట్టించాను. వాన నీళ్లు నిలిస్తే డెంగీ దోమకి అదే పురిటిల్లు.

ఇంతా చేస్తే పిల్లలు రెండు రోజులు ఆడారు. మూడోరోజు ట్యాబు.

ఒళ్లు మండి, ఎవరినీ పిలవకుండా నా మానాన నేను గునపం పట్టుకుని గోడ వారన మిగిలిన టైల్సు నాలుగు లేపి బీర గింజలు పెట్టాను. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి కుర్చీ వేసుకుని కలుపు తీయడం, పందిరికి పురికొస కట్టడం. ఐదోరోజున చిన్నది మగ్గు పట్టుకొచ్చింది. నీళ్లు పొయ్యమన్న చోట తప్ప అన్ని చోట్లా పోసింది. దాని వెనక పెద్దాడు, "నేనూ తవ్వుతా తాతయ్యా" అని. గునపం ఇవ్వలేదు, చిన్న తాపీ ఇచ్చాను. ఇసుకలో చెరువు, చెరువుకి కాలవ, కాలవకి బీరపాదు దాకా దారి. సాయంత్రం కోడలు కాఫీ పట్టుకుని వచ్చి, ఇద్దరి మోకాళ్ల మీది బురదా చూసి, తలుపు దగ్గరే ఆగి, "కాళ్లు కడుక్కోకుండా లోపలికొస్తే ఊరుకోను" అంది. ఆ తర్వాత చిక్కుడుకాయల పళ్లెం తెచ్చుకుని మెట్టు మీద కూచుని ఈనెలు తీసింది.

నిన్న పెద్దాడు బెత్తెడు లోతు గొయ్యి తవ్వి, చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"తాతయ్యా, ఇంకెంత తవ్వితే నీళ్లొస్తాయి?"

మా ఊళ్లో పదడుగులకే ఊట. ఇక్కడ మావాడు బోరు వెయ్యడుగులు దింపించినా సన్నటి ధారే.

"ఇంకాస్త తవ్వరా" అన్నాను.