సెలవులు వృథా కానివ్వకండి!

2025లో తెలంగాణ బడులకు దసరా సెలవులు 13 రోజులు వచ్చాయి. సెప్టెంబరు 21న, సరిగ్గా ఎంగిలిపూల బతుకమ్మ నాడు మొదలై, అక్టోబరు 3తో ముగిశాయి. ప్రభుత్వానికేం, చేతికి ఎముక లేకుండా ఇచ్చేస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి 13 రోజులు ఊరికే వదిలేస్తే వాడి భవిష్యత్తు ఏం కావాలి? వాడి ప్యాకేజీ ఏం కావాలి? ఈలోగా పక్క బ్లాకు పిల్లవాడు అబాకస్‌లో రెండు లెవెళ్లు ఎక్కేస్తే ఆ తేడా ఎవరు పూడుస్తారు? ఈ బెంగతో మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుకి సెలవులకు వారం ముందునుంచే నిద్ర కరువు.

అదృష్టం బాగుండి ఆదుకునేవాళ్లున్నారు. మహాలయ పక్షం పూర్తికాకముందే కాలనీ మూలమూలనా ఫ్లెక్సీలు లేస్తాయి. 'దసరా హాబీ క్యాంప్. మీ చిన్నారి సెలవులు వృథా కానివ్వకండి!' కింద టైమ్‌టేబుల్. తొమ్మిదింటికి వేదిక్ మ్యాథ్స్, పదింటికి రోబోటిక్స్, పదకొండింటికి పబ్లిక్ స్పీకింగ్, పన్నెండింటికి 'ఫన్ టైమ్'. ఫన్ టైమ్ అరగంట. దానికీ ఒక టీచరమ్మ ఉంటుంది, ఆవిడ మెడలో ఈల ఉంటుంది. ఆఖరి రోజు గ్రాండ్ ఫినాలే. చేరిన ప్రతివాడికీ మెడల్, సర్టిఫికెట్. ఓడినవాడంటూ ఉండడు. ఫీజు కట్టినవాణ్ణి ఓడిస్తే సంక్రాంతి బ్యాచ్‌కి ఎవరొస్తారు?

ఒకప్పుడు హాబీ అంటే ఎవరూ చెప్పకుండా, ఎవరూ మెచ్చకుండా, ఒక్కోసారి వీపు విమానం మోత మోగినా మానకుండా చేసే పని. అగ్గిపెట్టె బొమ్మలు పోగేసేవాడు కిళ్లీ బడ్డీల చుట్టూ తిరిగేవాడు. స్టాంపులవాడు పోస్టుమాన్‌ని కాకా పట్టేవాడు. ఇంకొకడు చీమల బారు పక్కన బెల్లం ముక్క పెట్టి పొద్దంతా గొంతుక్కూర్చునేవాడు. తను చేస్తున్నదానికి ఒక పేరుంటుందని కూడా వాడికి తెలియదు. ఎంత అరాచకం! ఇప్పుడు హాబీకి సిలబస్ ఉంది. మా పై ఫ్లాటు పాప డ్రాయింగ్ క్లాసులో నెమలి వేయబోతే, 'నెమలి లెవెల్ త్రీలో వస్తుందమ్మా, నువ్వింకా మామిడిపండు దగ్గరే ఉన్నావు' అన్నారట. పాప బుద్ధిగా మామిడిపండుకే వచ్చి, గీత దాటకుండా రంగు నింపింది. ఆ ఫోటో గ్రూపులోకి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇరుగుపొరుగు అన్నాక తప్పుతుందా?

'ఖాళీగా ఉంటే ఫోన్ పట్టుకుంటారండీ' అన్నది క్యాంపుల పక్షాన తిరుగులేని వాదం. ఆ మాట అంటున్న తండ్రి బొటనవేలు అదే క్షణంలో ఒక రీల్‌ని పైకి నెడుతూ ఉంటుంది, అది వేరే సంగతి. అసలు పిల్లవాడు ఫోన్ ఎందుకు పట్టుకుంటాడు? సెల్లార్‌లో ఆడదామంటే కార్ల అద్దాలు. మేడ మీదికి పోదామంటే తాళం. తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీ గారి దగ్గర, సెక్రటరీ గారు ఆఫీసులో. లాన్‌లో 'గడ్డి మీద నడవరాదు' బోర్డు. కారిడార్‌లో బంతి చప్పుడైతే తలుపు తీసుకుని వచ్చే ఆంటీ. చోటన్నదల్లా మనమే మూసేశాం. మిగిలిన ఆరంగుళాల చోటు వాడు దొరకబుచ్చుకున్నాడు. దాన్నుంచి వాణ్ణి కాపాడడానికి గంటకింత చొప్పున ఇంకో నాలుగు గోడలు అద్దెకు తీసుకుంటున్నాం.

ఒక్కమాట ఒప్పుకోవాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోవాలి, ఇంట్లో పెద్దవాళ్లు లేరు, పిల్లల్ని ఎక్కడ వదలాలి? వాళ్ల ఇబ్బంది నిజం. వాళ్లకు కావలసింది మధ్యాహ్నం దాకా పిల్లలమీద ఒక కన్నేసి ఉంచే మనిషి. ఆ సేవకు డబ్బు తీసుకోండి, ఎవరూ కాదనరు. దానికి 'బ్రెయిన్ డెవలప్‌మెంట్' అని పేరు పెట్టి, ఇంట్లో అమ్మమ్మ ఉన్న పిల్లవాణ్ణి కూడా లాక్కుపోవడం దేనికని నా గొడవ.

క్యాంపు తప్పించుకున్నవాణ్ణి బడి వదలదు. సెలవులిచ్చే రోజు డైరీలో ఒక కాగితం అంటించి పంపుతుంది. 'హాలిడే ప్రాజెక్ట్: బొమ్మల కొలువు నమూనా. పర్యావరణహితమైన సామగ్రి వాడాలి. పిల్లలే స్వయంగా చేయాలి. నీట్‌నెస్‌కు పది మార్కులు.'

బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు తెలిసినవాళ్లకు తెలుసు. అటక మీంచి ట్రంకుపెట్టె దిగుతుంది. పాత పంచె ముక్కల్లో చుట్టిన కొండపల్లి దశావతారాలు, ఏనుగు అంబారీ, తాటిచెట్టెక్కుతున్న గీత కార్మికుడు ఒక్కొక్కరే బయటికొస్తారు. తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించిన బొమ్మలు; ఏటా ఎవరికో ఒకరికి చెయ్యి ఊడుతుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఒక పక్క. బేసి సంఖ్యలో మెట్లు. పై మెట్లు పెద్దవాళ్లవి, దేవుళ్లవి. అట్టడుగు మెట్టు మాత్రం పిల్లల జాగీరు. అక్కడ ఊరు వెలుస్తుంది. ముందే మట్టిపళ్లెంలో చల్లిన రాగులు మొలకెత్తి వరిచేను అవుతాయి. నాన్న గడ్డం గీసుకునే అద్దం చెరువవుతుంది. చెరువులో ప్లాస్టిక్ బాతు, గట్టు మీద దానికి రెట్టింపున్న సైనికుడు, వాడి పక్కన తలుపూడిన పోలీసు జీపు. కొలత కుదరదు, కాలం కుదరదు, ఎవరూ పట్టించుకోరు. పేరంటానికి వచ్చిన పిన్నిగారు శనగలు అందుకుంటూ, 'ఈ జీపు ఎవర్రా పెట్టింది?' అని అడిగితే పెట్టినవాడు తలుపు వెనక్కి నక్కుతాడు. అంతకు మించిన మార్కులు వాడికి అక్కర్లేదు.

ఇక నమూనా కొలువు సంగతి. అక్టోబరు 3 రాత్రి పదకొండు గంటలు. స్వయంగా చేయవలసిన పిల్లవాడు సోఫాలో నిద్రపోతున్నాడు. తండ్రి థర్మకోల్ కోస్తున్నాడు, అది పర్యావరణహితం కనుక. తల్లి దేవతల బొమ్మలు కలర్ ప్రింట్ తీయించుకొచ్చి అట్టకు అంటిస్తోంది. కత్తి జారి తండ్రి వేలు తెగింది. 'ఇంతకీ మనకెన్ని మార్కులొస్తాయంటావ్?' అన్నాడు వేలు నోట్లో పెట్టుకుని. 'మీరు ఆ అంచు తిన్నగా కోసుంటే పదికి తొమ్మిదొచ్చేవి' అంది ఆవిడ. మర్నాడు బడి గేటు దగ్గర ఆటోల్లోంచి నలభై కొలువులు దిగాయి. ముప్ఫై తొమ్మిది ఒకే తీరుగా ఉన్నాయి, ఒకే వీడియో చూసి చేసినవి గనక. నలభయ్యోది పిల్లవాడు నిజంగానే సొంతంగా చేసుకున్నాడు. మట్టి బొమ్మలు, వంకర మెట్లు, ఒకదానికి ముక్కు లేదు. నీట్‌నెస్‌కు పదికి నాలుగు.

దీనికి అనుబంధంగా ఇంకో ప్రశ్న ఉంటుంది. 'సెలవుల్లో అమ్మమ్మతో గడిపిన మధుర క్షణాల గురించి 200 పదాల్లో రాయండి. ఫోటోలు జతపరచండి.' పిల్లవాడు అమ్మమ్మ ఊళ్లో ఉండేది క్యాంపుకీ ట్యూషన్‌కీ మధ్య దొరికిన రెండు రోజులు. అందులో ఒక పూట మధుర క్షణాలకు కేటాయించాలి. అమ్మమ్మ కథ చెబుతున్నట్టు ఒకటి, గోరుముద్ద పెడుతున్నట్టు ఒకటి. 'నవ్వలేదు అమ్మా, ఇంకోసారి' అంటుంది కూతురు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మళ్లీ పీట మీద కూలబడి, తినేసిన పిల్లవాడికి మళ్లీ ముద్ద కలుపుతుంది. ఇంత మాధుర్యం ఆ ముసలి ప్రాణం ఎరగదు.

దసరాకి బడికీ ఇంటికీ పూర్వం వేరే ఒప్పందం ఉండేది. వీధి బడి పంతులుగారు నవరాత్రుల్లో పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాల విల్లంబులు, నోట్లో దసరా పద్యాలు. గుమ్మంలో నిలబడి పాడితే గృహస్థు పంతులుగారికి సంభావన ఇచ్చేవాడు, పిల్లలకు పప్పు బెల్లాలు పంచేవాడు. ఊరి ముందు బడి చెయ్యి చాచే రోజులన్నమాట అవి. ఇప్పుడు సంభావన టర్ముల వారీగా ఆన్‌లైన్‌లో చేరుతోంది. ఆలస్యమైతే పెనాల్టీ. పద్యాలు యాన్యువల్ డేకి మారాయి. పప్పు బెల్లాల ప్రస్తావన ఏ సర్క్యులర్‌లోనూ కనబడదు.

చాలా ఇళ్లలో మూలా నక్షత్రం రోజున పుస్తకాలు అమ్మవారి ముందు పెడతారు. పూజలో ఉన్న పుస్తకం తీయకూడదు, చదవకూడదు. సరస్వతీదేవి అంతటి ఆవిడే స్వయంగా మంజూరు చేసిన సెలవు. చదువుల తల్లికే లేని ఆదుర్దా మనకెందుకని ఒక్కరికీ తోచదు. పైగా కిటుకు కనిపెట్టాం. పుస్తకాలు పూజలో ఉన్నాయి, ట్యాబ్ లేదు. కాబట్టి పసుపు కుంకుమల పక్కనే కూర్చుని ఆన్‌లైన్ క్లాసు వినవచ్చు. శాస్త్రం ఒప్పుతుంది.

వరంగల్ దిక్కు ఏ పల్లెకైనా సద్దుల బతుకమ్మ నాటి పొద్దున వెళ్లి చూడండి. వాకిట్లో తంగేడు కుప్ప, గునుగు కట్టలు, బంతి, చామంతి. గునుగు పూల కొసలు సమంగా కోసి, కట్టలు కట్టి, రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. తాంబాలంలో ఆకులు పరిచి, వరుస మీద వరుసగా గుండ్రంగా పేరుస్తూ, పైకి పోయేకొద్దీ సన్నబడేలా, మధ్యలో ఆకుల పొత్తి కూరుతూ పోవాలి. లోపల బోలుగా వదిలేస్తే చెరువు దాకా ఆగదు. 'గట్ల కాదు బిడ్డా, కాడ లోపటికి పెట్టు' అని నాయనమ్మ ఒక్కసారి చెబుతుంది. రెండోసారి చెప్పదు, పక్కకు జరిపి తనే పెట్టేస్తుంది. పిల్ల అలిగి మళ్లీ లాక్కుంటుంది. సాయంత్రానికి దాని వేళ్లు గులాబీ రంగు, మోచేతుల దాకా పుప్పొడి. అందులో లెక్కలున్నాయి, వృక్షశాస్త్రముంది, చేతి పనితనముంది. సర్టిఫికెట్ ఒక్కటే లేదు. తొందరపడకండి, వస్తుంది. 'బతుకమ్మ వర్క్‌షాప్, పూలతో సహా కిట్' అని ఫ్లెక్సీ పడే రోజు ఎంతో దూరం లేదు. గునుగు లెవెల్ టూలో ఉంటుంది.

దసరా సాయంత్రం పాలపిట్టను చూస్తే మంచిదంటారు. తెలంగాణ రాష్ట్ర పక్షి. దానికోసం పిల్లలు కరెంటు తీగల వెంట మెడలు సాచి ఊరి బయట దాకా పోవడం, జమ్మి ఆకు తెచ్చి బంగారమని పెద్దల చేతుల్లో పెట్టడం ఆ పూట కార్యక్రమం. వెతికే ఓపిక లేనివాళ్ల కోసం కొందరు పాలపిట్టను పంజరంలో పెట్టి, పైసలు తీసుకుని చూపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పిల్లవాణ్ణి పూటంతా గదిలో పెట్టి, ఫీజు తీసుకుని, 'క్రియేటివిటీ' చూపించడానికి వర్తించే సెక్షన్ మాత్రం అందులో లేదు.

గోదావరి జిల్లాల్లో దసరా వెళ్లిన ఏడెనిమిది రోజులకు అట్లతద్ది. ఆడపిల్లలు చీకటితోనే లేచి, చద్దన్నం గోంగూర పచ్చడితో తిని, చెట్టుకు కట్టిన ఉయ్యాలెక్కి తెల్లారేదాకా ఊగేవాళ్లు. ఈ తరం పిల్లలూ చీకటితోనే లేస్తున్నారు. బస్సు ఆరూ నలభైకి.

రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లో ఈ బాధే లేదు. అక్కడ పండక్కి రెండు మూడు రోజులు ఔట్‌పాస్ ఇస్తారు, దాన్ని 'హోమ్ సిక్ హాలిడేస్' అంటారు. ఇంటిమీద బెంగ ఒక జబ్బు, దానికి మూడు రోజుల కోర్సు మందు చాలునని వాళ్ల వైద్యం. సెలవుల్లో క్లాసులు పెడితే చర్యలు తప్పవని ఇంటర్ బోర్డు పత్రికల్లో హెచ్చరిస్తూ ఉంటుంది. షట్టరు సగం దించి, వెనక గుమ్మంలోంచి పిల్లల్ని లోపలికి పంపే కళ కూడా ఏటికేడు మెరుగవుతూ ఉంటుంది.

పిల్లలకు విశ్రాంతి, తీరిక, ఆట హక్కులని 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. 1992లో మన దేశమూ అందులో చేరింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల్ని పది రోజులు పుస్తకాల సంచి లేకుండా బడికి రమ్మంది. తీరికను ఇలా అధికరణాల్లోనూ విధానాల్లోనూ భద్రపరిచాం. ఇంట్లో మాత్రం పిల్లవాడు మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూస్తుంటే మనకు కాళ్లూ చేతులూ ఆడవు. 'ఏం చేస్తున్నావురా?' అంటాం. 'ఏం లేదు' అంటాడు. ఆ జవాబు విని ఊరుకున్న తల్లిదండ్రులు మా బ్లాకులో నాకింకా తగల్లేదు.

కనుక హెడ్మాస్టర్లకూ ప్రిన్సిపాళ్లకూ నాదొక మనవి. వచ్చే దసరాకి ప్రాజెక్టు ఇవ్వడం మానండి. మానలేకపోతే తల్లిదండ్రులకే ఇవ్వండి, ఎలాగూ చేసేది వాళ్లే. 200 పదాలు వద్దు, ఒక్క వాక్యం చాలు. 'ఈ సెలవుల్లో మా పిల్లవాడు పగలంతా ఏం చేశాడో మాకు తెలియదు.' కింద సంతకం. నిజంగా ఆ మాట రాయగలిగినవాళ్లకు పదికి పది వేయండి.