నోట్లో తెల్ల బంగారం: సాగు మెళకువలు

ఉమ్మడి ఆదిలాబాద్ వాళ్లకు పత్తి సాగు ఒకరు నేర్పాల్సిన పని లేదు. నా బెంగంతా గుంట భూమి కూడా లేని మంచిర్యాల వాసుల గురించే. ఈ సలహాలు వాళ్ల కోసం. పొలం అక్కర్లేదు, నోరుంటే చాలు. విత్తనాల కోసం పొద్దున్నే క్యూ కట్టే బాధా లేదు. క్యాండిడా అనే ఈస్టు చాలామంది నోళ్లలో ముందే ఉంటుంది, ఎవరి జోలికీ పోకుండా ఓ మూల. దానికి కాస్త తిండి పెట్టి, కాపలావాళ్లను పక్కకు తప్పిస్తే చాలు.

ఎరువుల్లో షుగర్‌ను మించింది లేదు. రక్తంలో అది పెరిగితే ఉమ్మిలోకీ గ్లూకోజ్ చేరుతుంది, నోరు ఎండుతుంది, క్రిములను మింగే తెల్లకణాలు మందగిస్తాయి. యూరియా, డీఏపీ, పొటాష్ ఒకే బస్తాలో దొరికినట్టు. కాబట్టి షుగర్ పరీక్ష జోలికి పోవద్దు. దవాఖానలో వేలికి సూది గుచ్చుతామంటే "నేను చాయ్‌ల చక్కెర సగమే ఏసుకుంట" అని చెప్పి లేచి వచ్చేయండి.

శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో ముప్పై ఏండ్లు చేసి రిటైరైన మా కాక ఈ సాగులో ఆదర్శ రైతు. ఆయాసానికి పంపు పీలుస్తాడు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మితే గొంతులో అంతగా మిగలదు. కాక పుక్కిలించడు. పైదౌడకు పండ్ల సెట్టు ఉంది. రాత్రి తీసి కడిగి నీళ్ల గిలాసలో వేస్తే దానికి పట్టిన ఈస్టు పొర తగ్గుతుంది. కాక తీయడు. "నడిరాత్రి ఎవరన్న పోయిండ్రని ఫోనొస్తే బోసినోటితోని ఎట్ల పోవాలె బిడ్డా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పోయిన దసరాకు ఇంటికి వెళ్లాను. మటన్ ముక్క నోట్లో పెట్టుకుని కాక కండ్లు గట్టిగా మూసుకున్నాడు. ఏదీ, నోరు తెరువు అన్నాను. నాలుక మీద, బుగ్గల లోపల, విరిగిన పాల తునకలు అంటినట్టు తెలుపు. తువ్వాల కొసతో ఓ తునక గీరి చూపించాడు. ఊడొచ్చింది. కింద పచ్చిపుండులా ఎరుపు, సన్నగా నెత్తురు. "వేడి చేసింది, అంతే" అని మళ్లీ ముక్క అందుకున్నాడు.

వేడి అనగానే విచారణ ముగియాలి. సబ్జా నానబెట్టాలి, బి-కాంప్లెక్స్ గోలీ వేయాలి. బీ12 తక్కువైనా నోరు పాడవుతుంది గనుక గోలీకి ఎప్పుడో ఒకసారి పేరొస్తుంది. ఆ ఒక్క పేరు మీద పదేండ్లు నడపొచ్చు.

నోటి మంట ఇంకా తగ్గకపోతే యాంటీబయాటిక్. మా కాకకు ఒకాయన (పేరెందుకు లెండి) రెండు కోర్సులు రాసిచ్చాడు. ఆ మందు చంపేది బ్యాక్టీరియాను. ఈస్టు ఫంగస్ జాతి, దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. పక్కన కలుపు తీసినట్టై ఇంకా ఏపుగా లేస్తుంది. ఈ యాంటీబయాటిక్‌ల కథలో మన తెలుగువాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలు నడిపిస్తున్నప్పుడు అక్కడే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టాడు. అది 1948లో బయటికొచ్చి ఎన్నో ప్రాణాలు నిలిపింది. అలాంటి మందులు మింగినవాళ్లలో కొందరి నోళ్లు తెల్లబడుతున్నాయని డాక్టర్లు త్వరలోనే పసిగట్టారు. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు మహిళలు వర్జీనియాలోని ఓ పాడిక్షేత్రం మట్టిలోంచి ఫంగస్‌ను చంపే మందు తీసినట్టు ప్రకటించారు. తాము పనిచేసే న్యూయార్క్ స్టేట్ పేరు కలిసేలా నిస్టాటిన్ అన్నారు. ఈ పేరాను పెరట్లో పారేయండి, పంటకు మంచిది కాదు.

ఎవరైనా నోట్లో పూసే మందు ఇస్తే రెండు రోజులు పూసి, మంట తగ్గగానే సీసా ఫ్రిజ్ మీదికి ఎక్కించాలి. ఫ్లూకోనజోల్ గోలీ అయితే మెడికల్ షాపులో సొంతంగా అడగాలి. షుగర్ గోలీలు, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నట్టు పొరపాటున కూడా చెప్పొద్దు. కొన్నిటితో కలిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది, కొన్నిటితో రక్తస్రావం మొదలవుతుంది.

పంట గొంతు దాటి కిందికి దిగితే, అన్నం ముద్ద మింగుతుంటే ఎదలో గుచ్చుతుంది. దాన్ని గ్యాస్ అనాలి. ఈ పంట వెనక ఒక్కోసారి పెద్ద జబ్బే దాక్కుని ఉంటుంది. 1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పత్రికలో లాస్ ఏంజెలెస్ యువకులు ఐదుగురి గురించి చిన్న నివేదిక అచ్చయింది. అందరికీ అరుదైన న్యుమోనియా, అందరికీ క్యాండిడా. ఎయిడ్స్ గురించి వైద్య లోకానికి అందిన తొలి కబురు అదే. అందుకే కారణం తెలియని తెలుపు కనిపిస్తే డాక్టర్లు హెచ్‌ఐవీ పరీక్ష కూడా రాస్తారు. మనది పరువుగల ఇల్లు కదా, చీటీ చింపేయండి. సర్కారు మందులు ఉచితంగా ఇస్తుందన్న సంగతి పక్కింటివాళ్లకు చెప్పండి.

ఇంత శ్రద్ధగా పెంచిన మా కాక పంటను చిన్నమ్మ పాడుచేసింది. ఆటో పిలిచి, ఎక్కేదాకా వాకిట్లో నిలబడి, దవాఖానలో వేలు చాపించింది. తిన్నాక షుగర్ 342. ఇప్పుడు పంపు పీల్చాక కాక పుక్కిలిస్తున్నాడు. పండ్ల సెట్టు రాత్రంతా గిలాసలోనే ఉంటోంది. ఫోను మాత్రం సైలెంట్‌లో పెట్టి పడుకుంటున్నాడు.